ఫ్యాక్టరీది కానిది

జనవరి 11

అమ్మాయీ,

మొన్న నువ్వు ఫోనులో చాలాసేపు మాట్లాడావని మీ అత్తయ్య చెబుతోంది. నాకు సగమే వినబడింది. మిగతా సగం నేనే కల్పించుకున్నాను. అందులో నువ్వు నన్ను తెగ మెచ్చుకున్నావు. ఇలా అయితే లాభం లేదు, ఇకనుంచి ఉత్తరాలు రాసుకుందాం. కాగితానికి చెవుడు ఉండదు.

విషయం ఏమిటంటే, మన ఇంటి వెనక వరస షెడ్లన్నీ ఏప్రిల్‌లో కూలగొడతారట. మన షెడ్డులో ఉన్న కారు కదలక తప్పదు. ఆ మాట నీ దగ్గర ఎత్తొద్దని నువ్వు ఆసుపత్రి మెట్ల మీద అన్నావు, మరిచిపోలేదు. నేను మావాడి మాట ఎత్తడం లేదు. ఫ్యాక్టరీ మాట అడుగుతున్నాను. రెండూ వేరు.

వాడు ఆ లిఫ్టు గుంటలో పడి చనిపోయిన తరవాత షెడ్డు తాళం ఎవరూ తీయలేదు. కిందటి వారం నేను తీశాను. తాళం బిగుసుకుపోయి ఉంటే గడియారాల నూనె రెండు చుక్కలు వేశాను, లొంగింది. నేను అందులో అడుగుపెట్టడం అదే మొదలు. వాడు తుక్కు దుకాణం నుంచి ఆ రెండు సీట్ల రేసుబండిని తాళ్ళు కట్టి ఈడ్చుకొచ్చిన రోజున "ఈ ఇనప శవాన్ని ఎవడు మోస్తాడురా?" అన్నాను. నా పక్కన కూర్చుని గడియారాలు బాగుచేయమంటే లిఫ్టులు బాగుచేసే కొలువులో చేరాడన్న కోపం అప్పటికే ఉంది. పైగా ఈ బండి. ఆ తరవాత వాడు షెడ్డులో, నేను కొట్లో.

పాత కార్లు పోగేసే పెద్దమనిషి ఒకాయన వచ్చి చూశాడు. చుట్టూ తిరిగాడు, చక్రాన్ని బూటుతో తన్నాడు, "తీసుకుంటాను, కానీ ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఎలా ఉందో అలా ఉండాలి. ఫ్యాక్టరీది కానిదేదీ నాకొద్దు, మీరే విప్పేయండి" అన్నాడు. అలాంటి కార్లు చేసిన ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళోనే నీ ఉద్యోగం. మూతపడి ఎన్నేళ్ళయినా ఎక్కడో ఏదో మిగిలి ఉంటుంది. ఏది ఫ్యాక్టరీది, ఏది కాదు, కనుక్కుని చెప్పు. ముందు రంగు, స్టీరింగు, అద్దాల సంగతి చూడు. తక్కినవి తరవాత రాస్తాను.

నాకు పని నేర్పిన గడియారాల షాపు ముసలాయన ఒక మాట చెప్పేవాడు. ఎప్పుడూ ముక్కుపొడి పీలుస్తూ, తుమ్ము వచ్చేలోపు వాక్యం పూర్తి చేయాలన్న తొందరలో మాట్లాడేవాడు. "పాత గడియారం తెరిస్తే, ముందు కంపెనీవాడు ఏం చేశాడో తెలుసుకోరా. అది పక్కన పెడితే మిగిలేది ఇంకొకడి చెయ్యి. వాడి చెయ్యి..." అని తుమ్మేవాడు. మిగతా మాట ఎప్పుడూ తుమ్ములోనే కొట్టుకుపోయింది. మిగతాది నా అంతట నేనే నేర్చుకోవలసి వచ్చింది.

అన్నట్టు, ఆ కారు డాష్‌బోర్డులో చిన్న గడియారం ఉంది. ఊరుకోలేక తెరిచాను. ఎవడో ఎడమచేతివాటం కసాయి దాన్ని కోసి కుట్టాడు. స్క్రూల తలలన్నీ ఒకే పక్కకి చెక్కుకుపోయాయి. స్ప్రింగు ఉండాల్సిన చోట ఏ యంత్రంలోంచి పీకిందో ఒక తీగముక్క వంచి పెట్టాడు. ఇంత ఘోరమైన పని నా వృత్తిలో చూడలేదు. చూస్తూ కూర్చుండిపోయాను. మీ అత్తయ్య వచ్చి భుజం తట్టేదాకా తెలియలేదు. అది చెవుడు వల్ల కాదు.

ఒంట్లో ఎలా ఉందో రాయి.

మీ మామయ్య

జనవరి 24

మామయ్యగారికి,

నమస్కారం. నేను బాగానే ఉన్నాను. మా ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో కొత్త మిషను వచ్చింది. అదొక్కటే విశేషం.

ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు పరుపుల గోడౌను. కాపలాదారును బతిమాలితే లోపలికి పంపాడు. పైకప్పు దాకా పరుపులు. నేల మీద మాత్రం పాత నూనె మరకలు ఇంకా ఉన్నాయి. కార్లు ఒకదాని వెనక ఒకటి నిలబడిన చోట్లు వరసగా తెలుస్తున్నాయి. ఊరి లైబ్రరీలో ఆ కారు పార్టుల పుస్తకం ఉంది. ప్రతి నట్టుకీ బొమ్మ వేసి ఉంది. బయటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చూడాలి.

రంగు తడిసిన పలక రంగు. మన దాని మీద ఉన్నదే. స్టీరింగు చెక్కది, మూడు ఆకులు, సరిగ్గానే ఉంది. ఎడమవైపు అద్దం ఫ్యాక్టరీది కాదు. బొమ్మలో ఒక్కటే అద్దం ఉంది, అది కుడివైపుది. ఎడమది ఎవరో పాత యజమాని పెట్టించుకున్నాడు. మేం తెచ్చుకునేటప్పటికే ఉంది.

రెండు సంగతులు అడగాలి. ఫ్యాక్టరీవి కానివి విప్పి మీరేం చేస్తారు? గడియారంలోని ఆ తీగముక్కను ఏం చేశారు?

అత్తయ్యను మోకాలి మందు మానవద్దని చెప్పండి.

మీ కోడలు

ఫిబ్రవరి 6

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివి వినిపించాను. మోకాలి మందు దగ్గరికి వచ్చేసరికి "అది నేను చదువుకుంటాలెండి" అని లాక్కుంది.

అద్దం విప్పేశాను. తెచ్చి గుమ్మంలో పెడితే మీ అత్తయ్య ఎదురొచ్చింది. "ఏమిటిది?" అంది. "అద్దం." "ఎవరిది?" "ఎవరిదో." "ఎవరిదో అయితే మనింట్లోకెందుకు?" అని తీసుకెళ్ళి వీధిలో పెట్టింది. సాయంత్రానికి తుక్కువాడు పట్టుకుపోయాడు. వాడు దాన్ని బండి మీద పెట్టుకుని అందులో తన మీసం చూసుకుంటూ పోయాడు. ఆ అద్దానికి అన్నేళ్ళ తరవాత మంచి రోజు వచ్చింది.

గడియారం సంగతి నాకు వదిలెయ్. అది నా శాఖ.

ఇప్పుడు అసలైనవి అడుగుతున్నాను, జాగ్రత్తగా చూసి చెప్పు. ఒకటి, హారన్ బటను. చుట్టూ ఇత్తడి కట్టు, మధ్యలో తెల్ల బిళ్ళ, దాని మీద బాణం లాంటి గుర్తు సగం అరిగిపోయి ఉంది. రెండు, పక్క సీటు వైపు డాష్‌బోర్డు అడుగున వేలెడంత దీపం. దాని స్విచ్చి చీకట్లో తడుముకున్నా దొరికేచోట పెట్టారు. మూడు, అదే వైపు తలుపుకి మందపాటి పట్టీ. తలుపు మరీ వెనక్కి పోకుండా, తిరిగొచ్చి మోకాలికి తగలకుండా రాగి మేకులతో బిగించారు. నాలుగు, పక్క సీటు కింద రెండు చెక్కలు. సీటు కాస్త ఎత్తుగా ఉండటానికి కాబోలు. ఆ చెక్కలకి చిత్రిక పట్టి, మూలలన్నీ గుండ్రం చేసి, మైనం రుద్దారు. సీటు కింద ఎవరికీ కనబడని చెక్కకి అంత సేవ. ఫ్యాక్టరీ జీతగాడు అలా చేస్తాడా అని నాకు అనుమానం. కానీ నా అనుమానం వేరు, పుస్తకం చెప్పేది వేరు. అనుమానం మీద నేనేదీ విప్పను. అసలుదాన్ని నకిలీ అనుకుని పీకిన రిపేరువాడికంటే పాపిష్టివాడు లేడు. రెండోవాడు నకిలీని అసలనుకుని వదిలేసినవాడు.

షెడ్డులో రోజూ కాసేపు కూర్చుంటున్నాను. ఇంట్లో కంటే అక్కడ చలి తక్కువ. మీ అత్తయ్య నమ్మలేదు గానీ టీ మాత్రం అక్కడికే తెస్తోంది.

మీ మామయ్య

ఫిబ్రవరి 20

మామయ్యగారికి,

నమస్కారం. మీరడిగినవన్నీ చూశాను.

హారన్ బటను ఫ్యాక్టరీదే. బాణం వాళ్ళ గుర్తు, మొదటి ఏడాది కార్లకు మాత్రమే వేశారట. దీపం కూడా ఫ్యాక్టరీదే, పక్కన కూర్చున్నవాళ్ళు దారి పటం చూసుకోవడానికి. తలుపు పట్టీ కూడా. సీటు కింద చెక్కలు కూడా ఫ్యాక్టరీవే. పొట్టివాళ్ళ కోసం అడిగితే వేసి ఇచ్చేవారట.

ఇది పుస్తకం ఒక్కటే చెప్పిన మాట కాదు. తుంటి ఎముక ఎక్స్‌రేకి ఒక ముసలాయన వచ్చాడు. ఆ ఫ్యాక్టరీలో తలుపులు బిగించేవాడట. బల్ల మీద కదలకుండా పడుకోవయ్యా అంటే చేతులు ఊపుతూ తలుపులు ఎలా బిగించేవాడో చూపిస్తాడు. మూడుసార్లు ఫిల్ము పాడుచేశాడు. ఆయన్నీ అడిగాను. అన్నీ ఫ్యాక్టరీవే అన్నాడు.

కాబట్టి ఏదీ విప్పకండి. ఎలా ఉన్నవి అలాగే కారుతో పాటు పంపించేయండి. ఆ పెద్దమనిషి అద్దాల గదిలో పెట్టి తుడిపించుకుంటాడు. తుక్కువాడి బండి ఎక్కాల్సిన అవసరం వాటికి లేదు.

మీ కోడలు

మార్చి 5

అమ్మాయీ,

నీ ఉత్తరం చదువుకున్నాను. తీసుకెళ్ళి షెడ్డులో ఆ సీటు పక్కన పెట్టుకుని మళ్ళీ చదువుకున్నాను.

అయితే అన్నీ ఫ్యాక్టరీవే అన్నమాట.

మంచిదే. ఆ పెద్దమనిషి సంతోషిస్తాడు. కానీ నాకొక సంగతి అర్థం కావడం లేదు. మావాడు సెలవు రోజంతా ఆ షెడ్డులోనే ఉండేవాడు కదా. సుత్తి చప్పుడు, ఆకురాయి చప్పుడు, మధ్యమధ్య నీ నవ్వు. అప్పుడు నా చెవులు బాగానే పనిచేసేవి. అన్ని రోజులూ ఏం చేసినట్టు? ఇంజను విప్పి అదే ఇంజను బిగించాడా? వాడు చేసిందంటూ ఒక్కటీ లేదా?

నాకు తెలిసిన ఒక గోడ గడియారాలవాడు ఉండేవాడు. ఏ గడియారం తెచ్చినా బాగుచేసేవాడు గానీ, తాను ముట్టుకున్నట్టు కూడా తెలియకుండా మూసేసేవాడు. ఆయన పోయాక, ఆయన పని చూపించమని ఎవరో అడిగితే చూపించడానికి ఏమీ లేకపోయింది. ఆ మాట తలుచుకుని నాకు నిన్నటి నుంచీ అన్నం దిగడం లేదు.

అమ్మాయీ, విసుక్కోకు. ఆ చెక్కల సంగతి ఒక్కటి మళ్ళీ చూడు. పుస్తకంలో ఏ కర్ర అని రాశాడు? మూలలు గుండ్రంగా ఉన్నాయా? ఇంకొక్కసారి.

మీ మామయ్య

మార్చి 15

మామయ్యగారికి,

మళ్ళీ చూడాల్సిన పని లేదు. పుస్తకంలో ఉంది. నమ్మకం లేకపోతే ఇంకెవరినైనా అడగండి.

అన్ని రోజులూ ఏం చేసినట్టు అని రాశారు. ఆ మాట ఆయన బతికుండగా మీ నోట చాలాసార్లు విన్నాను. గోడ అవతల పెరట్లో నిలబడి, మాకు వినబడాలనే అనేవారు. ఆయన నవ్వేసి ఊరుకునేవారు. నాకు నవ్వు రాలేదు, ఇప్పుడూ రావడం లేదు. మనిషి పోయిన తరవాత కూడా లెక్క తేలాలా మీకు? గడియారం తెరిచి ఎడమచేతి కసాయి అని రాశారు. మీ ఇంట్లో ఎడమచేతివాటం ఎవరిదో మీకు తెలియదా? తెలిసే రాశారు.

కారు పంపించేయండి. ఉన్నది ఉన్నట్టు పంపించేయండి. ఇంక నన్నేమీ అడగవద్దు.

కోడలు

ఏప్రిల్ 2

అమ్మాయీ,

కారు వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు లారీవాడు ఒక తంతు చేశాడు. కారును పైకెక్కించడానికి రెండు పలకలు వేశాడు, అందులో ఒకటి పొట్టిది. నేను చెబితే "గడియారాలవాళ్ళకి లారీల సంగతేం తెలుసు తాతా" అన్నాడు. సగం ఎక్కి వెనక్కి దొర్లింది. వీధిలో అందరూ అరిచారు. మళ్ళీ తెచ్చి ఎక్కించాడు. కదిలేటప్పుడు మీ అత్తయ్య గబగబా వెళ్ళి పక్క సీటును చీరకొంగుతో తుడిచింది. లారీవాడు "అమ్మా, అక్కడికెళ్ళాక వాళ్ళు తుడుచుకుంటారులే" అన్నాడు. "వాళ్ళకేం తెలుసు?" అంది.

మర్నాడు షెడ్లు కూలగొట్టారు. ఇప్పుడు మన వంటింటి కిటికీలోంచి చూస్తే పక్క వీధి దాకా కనబడుతోంది. అంత వెలుతురు ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. బాగాలేదు.

నీ కోపం చదివాను. సమాధానం చెప్పుకోవడం నాకు రాదు, జరిగింది చెబుతాను. నా కొట్లో గోడ గడియారం పెట్టి ఇచ్చే చెక్కపెట్టె ఒకటి మిగిలింది, గుర్తుందా, లోపల మెత్తటి బట్ట వేసినది. ఆ పెద్దమనిషి "ఫ్యాక్టరీది కానిదేదీ నాకొద్దు" అన్న రోజునే దాన్ని అటక మీంచి దింపాను. నా లెక్క ఇది. ఫ్యాక్టరీదంతా ఆయన పట్టుకుపోతాడు, పోనీ. ఫ్యాక్టరీది కానిదీ, పాత యజమానిది కానిదీ మిగులుతుంది కదా, అది మావాడిది. వాడి చేతిది. అది పెట్టెలో పెట్టుకుందాం అనుకున్నాను. మీ అత్తయ్య బట్ట ఉతికి ఆరేసి మళ్ళీ అంటించింది. అందుకమ్మా ఆ ప్రశ్నలన్నీ. నిన్ను నేరుగా అడిగితే, ఆ మాట ఎత్తొద్దన్నావు. అందుకని ఫ్యాక్టరీ వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చాను. నాకు పని నేర్పిన ముసలాయన తుమ్ములో పోయిన మాట అదే.

లారీ వెళ్ళాక మీ అత్తయ్య పెట్టె మూత తీసింది. "ఏవండీ, ఖాళీగా ఉందేం?" అంది. "వాడివేమీ లేవట" అన్నాను. "ఎవరన్నారు?" "పుస్తకం." మూత వేసేసి, దాని మీదే కూర్చుంది.

గడియారం ఒక్కటి నా దగ్గరే ఉంచుకున్నాను. శుభ్రం చేసి పంపిస్తానని ఆ పెద్దమనిషికి అబద్ధం చెప్పాను. నీ మీద నాకు కోపం లేదు.

మీ మామయ్య

ఏప్రిల్ 12

మామయ్యగారికి,

మీ ఉత్తరం అందిన రోజునే సెలవు పెట్టి, కారు కొన్న ఆ పెద్దమనిషి ఊరికి బస్సెక్కాను.

ముందు నిజం. హారన్ బటను ఆయన పెట్టిందే. లిఫ్టులోంచి తీసిన పాత బటను. దీపమూ లిఫ్టు గదిదే. తలుపు పట్టీ లిఫ్టు తలుపులు లాగే పట్టీలో ముక్క. చెక్కలు ఆయనే కోసి, చిత్రిక పట్టి, నా కోసం వేశారు. పుస్తకంలో వాటిలో ఒక్కటీ లేదు. తలుపుల ముసలాయన్ని నిజంగానే అడిగాను. బల్ల మీద పడుకునే పకపకా నవ్వి "హారన్‌కి లిఫ్టు బటనా! ఎవడమ్మా ఆ మొనగాడు?" అన్నాడు. మీకు వేరేలా రాశాను.

అద్దం తుక్కువాడికి పోయిందని రాశారు కదా. కసాయి అని రాశారు కదా. ఇవి కూడా విప్పి వీధిలో పెడతారనుకున్నాను. ఫ్యాక్టరీవని చెబితే కారు మీద ఉంటాయి, ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయి, నేనెప్పుడైనా వెళ్ళి చూసుకోవచ్చు అనుకున్నాను. మీరు దాచుకోవడానికి అడుగుతున్నారని నాకు తట్టలేదు. మీరెప్పుడూ ఏదీ దాచుకోగా నేను చూడలేదు.

ఆ పెద్దమనిషి మర్యాదగానే మాట్లాడాడు. పొడుగాటి హాలు, నేల మీద ముఖం కనబడుతుంది, వరసగా కార్లు. మన కారును మొదట నేను గుర్తుపట్టలేదు. "వచ్చిన రోజే మా మేస్త్రీ పట్టేశాడమ్మా. మీ మామగారికి తెలియక వదిలేసినట్టున్నారు, ఏవేవో పిచ్చి సామాన్లు తగిలించి ఉన్నాయి. అన్నీ తీయించేశాం" అన్నాడు. ఎక్కడున్నాయని అడిగాను. వెనకవైపు ఒక పీపా చూపించాడు. ఖాళీ పీపా. ఇనపవీ ఇత్తడివీ కరిగించడానికి వెళ్ళిపోయాయి. చెక్కలు పొయ్యిలోకి.

వంగి పీపా లోపలికి చూశాను. అడుగున నీళ్ళు ఉన్నాయి.

ఆయన జాలిపడి "కావాలంటే ఒకసారి కూర్చోండి" అని తలుపు తీశాడు. తలుపు పూర్తిగా వెనక్కి పోయి, తిరిగొచ్చి నా మోకాలికి కొట్టుకుంది. పక్క సీట్లో కూర్చున్నాను. డాష్‌బోర్డు తప్ప ఏమీ కనబడలేదు. దాని పైనుంచి దారి కనబడటానికే కదా ఆయన చెక్కలు వేసింది. ఎదురుగా గడియారం ఉండాల్సిన చోట గుండ్రటి కన్నం. గడియారం అసలైన ఫ్యాక్టరీదేననీ, ఈ నెలాఖరుకి పంపమని మీకు చెప్పమనీ అన్నాడు.

మీరిద్దరూ ఖాళీ పెట్టె మూసింది నా మాట నమ్మి.

కోడలు

ఏప్రిల్ 24

అమ్మాయీ,

నీ ఉత్తరం మీ అత్తయ్యే చదివింది. నేను కళ్ళజోడు వెతుక్కునే లోపు పూర్తిచేసి మడిచేసింది. "ఏం రాసింది?" అన్నాను. "చెక్కలు దాని కోసమేనట" అంది. వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు నీళ్ళ చప్పుడు వినబడింది. నాకే వినబడిందంటే చూసుకో.

తప్పెవరిదని మొదలుపెడితే మనిద్దరికీ మిగిలిన ఆయుష్షు చాలదు. కాబట్టి మొదలుపెట్టను. నువ్వూ పెట్టకు.

గడియారం సంగతి చెబుతాను. ఎడమచేతి కసాయి అని రాసింది తెలిసే రాశాను. మూత తీయగానే తెలిసింది. అదొక్కటీ చాలకే తక్కినవాటి కోసం నిన్ను అడిగాను. చిన్నప్పుడు వాణ్ణి బల్ల దగ్గర కూర్చోబెట్టి స్క్రూడ్రైవర్ కుడిచేతికి మార్చేవాణ్ణి, నేనిటు తిరగగానే ఎడమచేతికి పోయేది. అవే గాట్లు. వాణ్ణి తిట్టి ఎన్నాళ్ళయిందో. ఆ వాక్యం రాస్తూ నవ్వుకున్నాను. తిట్టు రాస్తే నీకు నవ్వు కూడా చేరుతుందనుకున్నాను. కాగితానికి చెవుడు లేదని రాశాను కానీ, గొంతు కూడా లేదని నాకు తోచలేదు.

ఆ తీగముక్కను నేను ముట్టుకోలేదు. జనవరి నుంచి గడియారం నా మంచం పక్కనే ఉంది. వాడి స్ప్రింగుతో నడుస్తుంది, అదే వింత. నడవకూడదు, అయినా నడుస్తుంది. పూటపూటకీ వెనకబడిపోతుంది. నేను సరిచేయలేదు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి ఉత్తరం వచ్చింది. గడియారం ఫ్యాక్టరీదే, మాట ప్రకారం ఆయనదే. ఇవ్వనని రాద్దామని కూర్చున్నాను. రాయలేకపోయాను. ఫ్యాక్టరీది ఆయనకీ, కానిది మనకీ అని ఒప్పుకున్నది నేనే. బల్ల దీపం వెలిగించాను. మోచేతుల కింద పుస్తకాలు పెట్టుకున్నాను. ముప్పాతిక భాగం వాడి పని, అందులో ఒక్కటి కూడా ఒకేసారి ఊడలేదు. అంత గట్టిగా బిగించాడు వెధవ. స్క్రూలన్నీ కొత్తవి వేశాను. స్ప్రింగు సరైనది వేశాను. గడియారం ఇప్పుడు చక్కగా, కంపెనీవాడు కోరుకున్నట్టు నడుస్తోంది. వాడి చెయ్యి అందులో ఎక్కడా లేదు. నా వృత్తిలో ఇంత శుభ్రమైన పని నేను చేయలేదు. నిన్న పార్సిలు చేశాను.

ఈ కవరులో పలచటి కాగితంలో చుట్టినది ఆ తీగముక్క. పెట్టెలో పెడదామంటే పెట్టె దానికి మరీ పెద్దది. మీ అత్తయ్య నీకు పంపమంది. అది దేనికీ పనికిరాదు. సాగదీయకు, అంతకంటే ఏమీ చేయకు.

మీ మామయ్య

మే 6

మామయ్యగారికి, అత్తయ్యకి,

అందింది. కాగితం విప్పితే కిందపడి బల్ల కిందికి దొర్లింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కున్నాను. దొరికింది. ఇప్పుడు ఒక అగ్గిపెట్టెలో ఉంది.

ఆ మాట ఎత్తొద్దని ఆసుపత్రి మెట్ల మీద అన్నది నేనే. ఇప్పుడు నేనే ఎత్తుతున్నాను. మీరడిగి ఉంటే చెప్పేదాన్నా అని ఆలోచించాను. చెప్పేదాన్ని కాదు. అప్పుడు కాదు. ఈ ఊరికే బదిలీ ఎందుకు అడిగి వేయించుకున్నానో కూడా ఎవరికీ చెప్పలేదు. ఆ ఫ్యాక్టరీ చూడాలని ఆయనకి ఉండేది. ఏదో ఒక సెలవులో వద్దామనుకున్నాం.

ఇంకెన్ని ఉత్తరాలైనా రాస్తాను, ఒక్కొక్కటీ చెబుతాను. చెక్కలకి ఏ కర్ర అని అడిగారు కదా. మన పాత మంచం కోడుది. విరిగిపోయిందని మీరు వాకిట్లో పడేశారే, అదే. మైనం మీ కొట్లోంచి తీసుకున్నాను, అత్తయ్యకి తెలుసు.

ఇవాళ గడియారం సంగతి ఒక్కటి చెబుతాను. అది ఆగిపోయి ఉంటే మీ దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. వద్దన్నారు. లిఫ్టు పెట్టెలోంచి పాత స్ప్రింగు ఒకటి తెచ్చి, నన్ను టార్చి పట్టుకోమని, నాలుక బయటపెట్టి పని చేస్తారే, అలా కూర్చున్నారు. నా చెయ్యి లాగేసింది. "ఇంత వంకరగా వంచుతున్నారేం? మామయ్య చూస్తే ఏమంటారు?" అన్నాను.

"తిడతాడు," అన్నారు. స్క్రూ బిగిస్తూనే ఉన్నారు. "తిట్టనీ. తిట్టాలంటే మూత తీసి చూడాలి కదా."

మీ కోడలు